గోల్ వెనక గ్యాలరీ మాకు మిగలనివ్వండి

సంపాదకులు గారికి,

ఫుట్‌బాల్ టికెట్ల ధరల మీద వస్తున్న వార్తల్లో ఎక్కువ భాగం 2026 ప్రపంచ కప్ గురించే. అమెరికా, కెనడా, మెక్సికోలు కలిసి పెట్టుకున్న ఆ పోటీలో 48 జట్లు, 104 మ్యాచ్‌లు. టికెట్టు 60 డాలర్ల దగ్గర మొదలై ఫైనల్‌కు 6,730 డాలర్ల దాకా ఉంటుందని ఫిఫా 2025లో ప్రకటించింది. ఆ డిసెంబరులో ఒక్కో దేశం అభిమానులకు కేటాయించిన కోటా ధరలు బయటికొచ్చేసరికి ఫైనల్‌లో అన్నింటికన్నా చవక టికెట్టే 4,185 డాలర్లని తేలింది. యూరప్ అభిమాన సంఘాలు గట్టిగా తిరగబడ్డాయి. కొద్ది రోజులకే ఫిఫా ఆ కోటాలో పదో వంతు టికెట్లను, ఫైనల్‌తో సహా ప్రతి మ్యాచ్‌కూ, 60 డాలర్లకే ఇస్తామంది.

అనంతపురంలో ఉన్న మాకు ఆ ఫైనల్ టికెట్టుతో పని లేదు. ఆ ధరలు ఎట్లా ఎక్కాయో, ఎవరు అడిగితే ఎట్లా దిగాయో, ఆ రెండూ మాకు పనికొస్తాయి. పెద్ద జట్టు వచ్చిన రోజు గ్యాలరీ రేటు పెంచడం, టికెట్టు మీద ఫీజు, ఆ ఫీజు మీద పన్ను మన పక్క ఊళ్ల మ్యాచ్‌ల దాకా వచ్చేశాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

మేము అడిగేది ఒక్కటే. వీఐపీ బాక్సుకు, మధ్యగీతకు ఎదురుగా ఉండే మెత్తటి కుర్చీకి ఎంతైనా పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. గోల్ వెనక గ్యాలరీ టికెట్టు మాత్రం, ఫీజులూ పన్నులూ అన్నీ కలుపుకొని, ఒక రోజు కూలి దాటకూడదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. ఆ అంకెను కొలబద్దగా పెట్టుకుంటే ఏ టికెట్టు ఎవరికి అందుతుందో వెంటనే తెలుస్తుంది. రూ.499 టికెట్టు అంటే ఎండలో ఒకటిన్నర రోజు మట్టి పనికి పైనే.

ఈ మాట అనంతపురం నుంచే ఎందుకు అంటే, ఇక్కడ బంతి ఆడే పిల్లలు ఎక్కువగా ఆ కూలి ఇళ్ల నుంచే వస్తున్నారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని స్పోర్ట్స్ విలేజ్‌లోనూ పల్లెల్లోనూ ఆడపిల్లలు కూడా స్టడ్స్ బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగుతున్నారు. పదేళ్ల పిల్ల కూడా ఆఫ్‌సైడ్ గీత ఎక్కడుందో చూపించగల జిల్లా ఇది. అయినా వీళ్లలో చాలామంది పెద్ద క్లబ్బు మ్యాచ్‌ని టీవీలో, ఫోన్లో తప్ప చూసి ఉండరు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. దాంతో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థాయి క్లబ్బు లేకుండా పోయింది. అనంతపురం, ధర్మవరం, కదిరి, హిందూపురం వాళ్లకు పెద్ద ఫుట్‌బాల్ అంటే బెంగళూరు కంఠీరవ స్టేడియమే. కడప వాళ్లకూ అంతే, కాకపోతే ఇంకాస్త దూరం.

ఆ మ్యాచ్‌కి పోవడానికి టికెట్టు ఒక్కటే ఖర్చు కాదు. రాత్రి ఏడున్నరకు మ్యాచ్ ఉంటే అనంతపురంలో పన్నెండు, ఒంటిగంట మధ్య బస్సెక్కాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దేవనహళ్లి దాకా బాగానే పోతుంది, హెబ్బాళ దగ్గర ఎంతసేపు ఆగుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు. మెజెస్టిక్ బస్టాండులో దిగి మళ్లీ మెట్రోనో ఆటోనో పట్టుకోవాలి. మ్యాచ్ తొమ్మిదిన్నరకు ముగిసి, జనంలోంచి బయటపడి బస్టాండు చేరేసరికి పదిన్నర. ఊరు చేరేది తెల్లవారుజామున మూడు, మూడున్నరకు. మరుసటి రోజు పని పోయినట్టే. అంటే దూరం నుంచి వచ్చేవాడు టికెట్టు డబ్బుతో పాటు రెండు రోజుల కూలి కూడా కడుతున్నాడు. నగరంలో ఉండేవాడికి రూ.200 పెంచితే అది 200 మాత్రమే. మనవాడికి అది మొత్తం ప్రయాణాన్నే రద్దు చేయించే 200.

ఇక బుకింగ్ సంగతి. యాప్‌లో మొదటి పేజీలో ‘రూ.499 నుంచి’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నలుగురున్న కుటుంబం నాలుగు సీట్లు ఎంచుకుంటే 1,996. చాలాచోట్ల చిన్నపిల్లకు కూడా పూర్తి టికెట్టే. చివరి పేజీకి వెళ్లాక కన్వీనియెన్స్ ఫీజు అని ఇంకో గడి తెరుచుకుంటుంది. టికెట్టుకు 40 చొప్పున అనుకుంటే 160, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 28.80. మొత్తం 2,184.80. అప్పటికే పైన గడియారం తిరుగుతూ ఉంటుంది, ఇన్ని నిమిషాల్లో డబ్బు కట్టకపోతే సీట్లు పోతాయని. ఆ కంగారులో ఎవరూ లెక్క చూసుకోరు. మొదటి పేజీలోనే 546.20 అని వేస్తే నలుగురూ కూర్చుని ఆలోచించుకుంటారు, అందుకే వేయరు. ఒకే ఫోన్‌తో ఒకేసారి కొన్న నాలుగు టికెట్లకు నాలుగు సార్లు ఫీజు ఎందుకో కూడా ఎవరూ చెప్పరు. సర్వరు చేసే పని ఒక్కటే కదా. ఫీజు బుకింగుకి ఒకసారి తీసుకోవాలి గానీ టికెట్టుకి ఒకసారి కాదు.

పన్ను దగ్గర ఒక కిటుకు ఉంది, అభిమానులూ నిర్వాహకులూ ఇద్దరూ తెలుసుకోవాల్సింది. క్రీడాపోటీ ప్రవేశ టికెట్టు రూ.500 దాకా ఉంటే జీఎస్టీ లేదు. 500 దాటితే గుర్తింపు ఉన్న పోటీలకు 18 శాతం. మొదటి 500 వదిలేసి పైనున్న దానికే పన్ను పడుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. దాటిందంటే మొత్తానికీ పడుతుంది. 500 పెట్టిన టికెట్టు 500కే వస్తుంది. 501 పెడితే పన్ను 90.18 కలిసి 591.18 అవుతుంది. నిర్వాహకుడికి అదనంగా దక్కేది ఒక్క రూపాయి, కొనేవాడి మీద పడేది 91. అదే 550 పెడితే కొనేవాడు 649 కట్టాలి. కాబట్టి 500 నుంచి 600 మధ్య గ్యాలరీ రేటు పెట్టడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. జనం పోతారు, క్లబ్బుకు మిగిలేదీ తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద 40 శాతం పన్ను వచ్చింది. దాన్ని చూపించి ఫుట్‌బాల్‌కూ అంతే పడుతుందని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. బిల్లులో పన్ను గడి విడిగా ఉంటుంది, చూసి అడగండి.

అంత డబ్బు పోసి కొన్న గ్యాలరీ సీట్లోంచి ఏం కనిపిస్తుందో కూడా చెప్పాలి. మన దేశంలో పెద్ద స్టేడియాల్లో చాలావాటికి మైదానం చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది. కంఠీరవకు ఉంది, గచ్చిబౌలికి ఉంది, కోల్‌కతా సాల్ట్‌లేక్‌కూ ఉంది. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్‌లో తిన్నటి భాగం 84.39 మీటర్లు, రెండు చివర్లా వంపు వ్యాసార్ధం 36.50 మీటర్లు. అంటే ఈ చివరి లోపలి అంచు నుంచి ఆ చివరి లోపలి అంచుకు 157 మీటర్లు. దాని మధ్యలో 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం గీస్తే ఒక్కో గోల్ వెనక 26 మీటర్ల ఖాళీ మిగులుతుంది. దానికి ఎనిమిది లేన్లు, ఒక్కొక్కటి 1.22 మీటర్ల చొప్పున, ఇంకో పది మీటర్లు కలపండి. ఆ తర్వాత కంచె, కంచె వెనక మొదటి వరుస. గోల్‌కీపరు వీపు మీకు 36 మీటర్లకు పైగా దూరం. అవతలి గోలైతే 140 మీటర్లకు పైనే. అవతలి పెనాల్టీ బాక్సులో ఎవరు ఎవరి చొక్కా లాగారో తెలీదు. బంతి వలలో పడిందో, పక్కన తగిలి వల ఊగిందో, ఎదుటి స్టాండు కేక విన్నాకే అర్థమవుతుంది. ముందు వరుసలు బాగా కింద ఉంటే ప్రకటన బోర్డులు బంతిని సగం మింగేస్తాయి. ట్రాక్ లేని స్టేడియంలో అదే గోల్ వెనక కూర్చుంటే కీపరు అరిచే మాటలు కూడా వినిపిస్తాయి. రెంటికీ ఒకే రకం ధర పెట్టడం న్యాయం కాదు. ట్రాక్ ఉన్నచోట గోల్ వెనక స్టాండుని మిగతా స్టాండ్లతో పోల్చి రేటు కట్టకుండా, అక్కణ్నుంచి కనిపించే ఆటను బట్టి కట్టాలి.

నిర్వాహకులకు ఖర్చుల్లేవని మేము అనడం లేదు. స్టేడియం అద్దె, పోలీసు బందోబస్తు, ఫ్లడ్‌లైట్ల కరెంటు, అది పోతే జనరేటరు డీజిలు, అంబులెన్సు, ఫైరింజను, బీమా, ప్రైవేటు సెక్యూరిటీ, మర్నాడు చెత్త ఎత్తడం, అన్నీ ఉన్నాయి. అయితే వీటిలో చాలా ఖర్చు రెండు వేల మంది వచ్చినా ఆరు వేల మంది వచ్చినా పెద్దగా మారదు. ఎనిమిది వేల సీట్ల గ్యాలరీ అనుకుందాం. రూ.499 పెడితే రెండు వేల మంది వచ్చారు, వసూలు 9,98,000. రూ.199 పెడితే ఆరు వేల మంది వచ్చారు, 11,94,000. దాని మీద నాలుగు వేల మంది అదనంగా నీళ్లు, టీ, సమోసా, జట్టు స్కార్ఫు కొంటారు. ప్రకటన బోర్డు పెట్టుకున్న కంపెనీకి నిండు గ్యాలరీ కనబడుతుంది, టీవీలో అరుపు వినబడుతుంది. ప్రతి మ్యాచ్‌కీ లెక్క ఇట్లాగే తేలదు, నిజమే. పెద్ద మ్యాచ్‌కి 499 పెట్టినా నిండుతుంది. కానీ సీజనులో అట్లాంటి మ్యాచ్‌లు ఎన్ని? రెండో మూడో. వాటిని చూసుకుని ఏడాది పొడుగునా రేటు ఖరారు చేస్తే మిగతా రోజుల్లో సిమెంటు మెట్లే మ్యాచ్ చూస్తాయి. ఈల ఊదిన క్షణం నుంచి ఖాళీ సీటు విలువ సున్నా. గోదాములో పెట్టి రేటొచ్చినప్పుడు అమ్ముకోవడానికి అది వేరుశనగ బస్తా కాదు.

డిమాండును బట్టి మారే ధర అంటే మనకు కొత్తేమీ కాదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ప్రైవేటు ట్రావెల్స్ బస్సు ఎక్కినవాళ్లందరికీ తెలుసు. అక్కడ కనీసం రైలో, ఆర్టీసీనో ఇంకో దారి ఉంటుంది. జట్టు విషయంలో ఇంకో దారి లేదు. ఈ వారం రేటెక్కువగా ఉందని అభిమాని పక్క జట్టుకు మారిపోడు, అసలు రావడమే మానేస్తాడు. ప్రపంచ కప్‌లో ఈ పద్ధతి పెట్టడం 2026కే మొదటిసారి. పైగా టికెట్టు తిరిగి అమ్ముకోవాలంటే ఫిఫా సొంత వేదికలో కొన్నవాడి దగ్గర 15 శాతం, అమ్మినవాడి దగ్గర 15 శాతం కోత. వంద డాలర్ల టికెట్టు చేతులు మారితే ఒకరు 115 కడతారు, ఇంకొకరి చేతికి 85 వస్తుంది, మధ్యలో 30 ఫిఫాకు. ఇట్లాంటిది ఇక్కడ మొదలవకముందే అడ్డుకోవాలి. రాలేకపోయినవాడి టికెట్టును ముద్రించిన ధరకే వెనక్కి తీసుకుని, అదే ధరకు ఇంకొకరికి ఇవ్వాలి. అది చేస్తే స్టేడియం బయట బ్లాకులో అమ్మేవాడికి సరుకే దొరకదు.

ఇంగ్లండు కథ మనకు బాగా పనికొస్తుంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో స్టేడియంలో జనం ఒత్తిడికి నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. విచారణ జరిపిన జస్టిస్ టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక ఇస్తూ నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి అందరికీ కుర్చీలు వేయమన్నారు. ఆ కుర్చీల్లో చవకవి, అప్పటిదాకా నిలబడి చూసినవాళ్ల జేబుకు సరిపోయేట్టు ఉంచవచ్చని కూడా అదే నివేదికలో రాశారు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో నిలబడితే 4 పౌండ్లు, కూర్చుంటే 6 పౌండ్లని ఉదాహరణ కూడా ఇచ్చారు. క్లబ్బులు మొదటి మాట విన్నాయి, రెండో మాట వదిలేశాయి. పాతికేళ్లు తిరిగేసరికి లివర్‌పూల్ కొత్త మెయిన్ స్టాండులో ఒక టికెట్టుకు 77 పౌండ్లు పెట్టడానికి సిద్ధమైంది. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండుతో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో గెలుస్తోంది, చివరికి 2-2. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. మరుసటి నెలలోనే ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిసి, బయటి ఊరి నుంచి తమ జట్టు వెంట వచ్చే అభిమానుల టికెట్టు 30 పౌండ్లు దాటకూడదని తీర్మానించాయి. 2016-17లో అమల్లోకి వచ్చిన ఆ పరిమితిని ఆ తర్వాత పలుమార్లు పొడిగించారు. ఇందులో గమనించాల్సింది, వాళ్లు అన్ని టికెట్లూ తగ్గించమని అడగలేదు. ఒక స్పష్టమైన వర్గాన్ని, ఒక స్పష్టమైన అంకెను పట్టుకున్నారు. అంతకు ముందు అభిమాన సంఘాలు ‘ఇరవై (పౌండ్లు) చాలు’ అని 2013 నుంచి చేసిన ప్రచారం కూడా ఇట్లాంటిదే.

అక్కడా సమస్య తీరిపోలేదు. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ సీజను మధ్యలో, మిగిలిన టికెట్లకు 66 పౌండ్ల రేటు పెట్టి, పిల్లలకూ వృద్ధులకూ ఉన్న రాయితీ తీసేసింది. పిల్లల రాయితీ తీయడం మాకు అన్నింటికన్నా తప్పుగా అనిపిస్తుంది. పన్నెండేళ్లకు గ్యాలరీ అలవాటు కాని పిల్లవాడు ముప్పై ఏళ్లకు సీజన్ టికెట్టు కొనడు.

జర్మనీలో 1998 నుంచి 50+1 అనే నియమం ఉంది, క్లబ్బులో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలని. డార్ట్‌మండ్ స్టేడియం దక్షిణం వైపు గ్యాలరీలో ఇరవై నాలుగు వేల మందికి పైగా నిలబడి చూస్తారు, చవక టికెట్లతో. అక్కడ ఇంకో మంచి ఏర్పాటు ఉంది, చాలా క్లబ్బుల్లో మ్యాచ్ టికెట్టు చూపిస్తే ఆ రోజు స్థానిక బస్సు, ట్రాము, రైలు ఉచితం. మనకు కావాల్సింది ఇదే. టికెట్టు మీది క్యూఆర్ చూపిస్తే మ్యాచ్ రోజు మెట్రో ఎక్కనిస్తే, మెజెస్టిక్ నుంచి స్టేడియానికి ఆటోవాడు అడిగే డబ్బు మిగులుతుంది.

మన దేశంలో ధర పెంచడానికి ఇంకో వంక ఉంది, పేరున్న ఆటగాడి పేరు. 2025 అక్టోబరు 22న ఫటోర్డాలో ఎఫ్‌సీ గోవా మీద, అప్పటి రొనాల్డో జట్టు, సౌదీ క్లబ్బు అల్ నస్ర్ ఆడింది. రొనాల్డోను చూద్దామని టికెట్టు కొన్నవాళ్లెందరో, ఆయన మన దేశానికే రాలేదు. అదే ఏడాది డిసెంబరు 13న సాల్ట్‌లేక్‌లో మెస్సీ కార్యక్రమం పెట్టారు. అది మ్యాచ్ కూడా కాదు, వచ్చి చెయ్యూపి పోవడం. వేలు కట్టినవాళ్లకు చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులే కనిపించాయి, ఆయన కాసేపటికే వెళ్లిపోయారు, సీసాలూ కుర్చీలూ మైదానంలోకి లేచాయి. కుర్చీలు విరగ్గొట్టడం తప్పే. కానీ టికెట్టు మీద ఏం అమ్ముతున్నారో రాయకపోవడం అంతకన్నా ముందు జరిగిన తప్పు. ఆటగాడి బొమ్మ వేసి రేటు పెంచితే, ఆ ఆటగాడు రాకపోతే పెంచినంత మేర ఫీజుతో సహా వెనక్కివ్వాలి. మ్యాచ్ తేదీ మారినా అంతే. ఫీజు మినహాయించి ఇచ్చేది రీఫండ్ కాదు.

‘ధర తగ్గించమనేకన్నా ఉచితంగా పెట్టమనండి’ అని కొందరు అంటున్నారు. మేము దానికి ఒప్పుకోం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. లోపలికి పాసు కావాలా వద్దా, ఎవరికి ప్రవేశం ఉంది అన్నదాని మీద ఆ రోజంతా అయోమయమే. ఉచితం అంటే ఎంతమంది వస్తారో ఎవరికీ తెలియదు. నంబరు వేసిన టికెట్టు, పది రూపాయలదైనా సరే, లోపల ఎన్ని సీట్లున్నాయో బయట అంతమందినే నిలబెడుతుంది. అందుకే మాకు కావాల్సింది చవక టికెట్టు, ఉచిత ప్రవేశం కాదు.

ఇది మన జిల్లాల్లో టోర్నమెంట్లు నడిపేవాళ్లకూ వర్తిస్తుంది. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎక్కడ పెట్టినా పద్ధతి ఒకటే. ముందు గ్యాలరీలో ఒక్కో మెట్టు పొడవు టేపుతో కొలిచి, మనిషికి అరమీటరు చొప్పున లెక్కేసి, దారులకు వదిలిన చోటు తీసేస్తే ఎంతమంది పడతారో తెలుస్తుంది. అన్ని టికెట్లే అచ్చు వేయించాలి. వందేసి టికెట్ల పుస్తకాలు, వరస నంబరు, చింపితే మిగిలే కౌంటర్‌ఫాయిల్, ఒక్కో వైపు గ్యాలరీకి ఒక్కో రంగు కాగితం. ఏ గేటు బాధ్యుడికి ఏ నంబర్ల పుస్తకాలు ఇచ్చారో రిజిస్టరులో రాసుకుంటే మ్యాచ్ అయ్యాక లెక్క పది నిమిషాల్లో తేలుతుంది, పక్క గేటులో దొంగ టికెట్టు దిగినా రంగును బట్టి పట్టుబడుతుంది. గేట్ల సంఖ్య దగ్గరే అందరూ తప్పు చేస్తారు. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు వాడే గ్రీన్ గైడ్ ఒక తిరుగుడు గేటుకు గంటకు 660 మందికి మించి లెక్క వేయొద్దంటుంది. ఆ లెక్కన ఐదు వేల మంది గంటలో లోపలికి పోవాలంటే ఎనిమిది గేట్లు. చేత్తో చింపే చోట, సంచులు వెతికే చోట ఇంకా నెమ్మది, పది పెట్టుకోవాలి. రెండు గేట్లు తెరిచి ‘జనం క్రమశిక్షణ లేకుండా తోసుకున్నారు’ అని చెప్పడం అన్యాయం.

ఫోన్ టికెట్టు ఒక్కటే పెట్టినచోట ఏం జరుగుతుందో కూడా రాయాలి. స్టేడియం చుట్టూ వేలమంది ఒకేసారి చేరేసరికి నెట్ అందదు, యాప్ తెరుచుకోదు. స్క్రీన్‌షాట్ పంపించుకుంటే ముందు స్కాన్ అయినవాడే లోపలికి, రెండోవాడికి ఎర్ర లైటు. అద్దం పగిలిన ఫోన్లో క్యూఆర్ సరిగా చదవదు, వెలుతురు తగ్గించి ఉన్నా చదవదు. నలుగురి టికెట్లూ తండ్రి ఫోన్లో ఉండి, పిల్లలు ఆడవాళ్ల లైనులో నిలబడితే అక్కడే చిక్కుకుంటారు. ఇవన్నీ ఖరీదు తక్కువ ఫోన్లున్న వాళ్లకే ఎక్కువ జరుగుతాయి. అందుకే ప్రతి మ్యాచ్‌కీ గ్యాలరీ టికెట్లలో కొన్ని, పదో వంతు అనుకుందాం, స్టేడియం కౌంటర్లో డబ్బిచ్చి కొనేట్టు కాగితం మీద ఉంచాలి. ఫీజు లేకుండా.

చివరగా, వెంటనే చేయగలిగింది ఒకటి. సీజనులో చాలా మ్యాచ్‌లకు గోల్ వెనక గ్యాలరీలో చోటు ఉంటుంది. క్లబ్బులు ఆ చోటును రాయలసీమ బడులకు, గ్రామ జట్లకు బృంద టికెట్లుగా ఇవ్వాలి. ఇరవై మంది పిల్లలు, ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయులు, ఆడపిల్లలైతే తప్పకుండా ఒక టీచరమ్మ. బడి లెటర్‌హెడ్ మీద హెడ్మాస్టరు సంతకంతో పేర్ల జాబితా మ్యాచ్‌కి పది రోజుల ముందు పంపితే, పిల్లవాడికి యాభై రూపాయల చొప్పున ఒకే బ్లాకులో వరసగా సీట్లు, ఒకే గేటు, చేతికి కాగితం పట్టీ. మ్యాచ్ తేదీలు కనీసం నెల ముందు చెప్పాలి, లేకపోతే బడి నుంచి అనుమతీ రాదు, బస్సూ దొరకదు. ఆదివారం నాలుగున్నర, ఐదు గంటల మ్యాచ్‌లకే ఈ టికెట్లు ఇస్తే మేలు, పిల్లలు అర్ధరాత్రికల్లా ఇంటికి చేరతారు. ఆర్టీసీ అధికారులు ఆ రోజులకు అనంతపురం, హిందూపురం డిపోల నుంచి అద్దె బస్సు రేటులో రాయితీ ఇవ్వగలిగితే ఒక బస్సులో రెండు బడుల పిల్లలు పోయి రావచ్చు. తేదీలు, ధర ఖరారైతే మీ పత్రిక జిల్లా పేజీలో వేయండి. జాబితాలు తయారు చేయడానికి, పిల్లల్ని వెంట తీసుకుపోవడానికి ఇక్కడ కోచ్‌లు, పీఈటీలు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఫుట్‌బాల్ అభిమానులు, కోచ్‌లు
అనంతపురం